ఉప్పు పట్టని సగం

ఫిబ్రవరి 6, మంగళవారం

ఇవాళ మతోమె తోలు నా బల్ల మీదికి వచ్చింది.

అలా రాయకూడదు. మతోమె ఒలిచిన తోలు. జీబ్రాది.

కిందటి జూన్ నుంచి ఉప్పు గదిలో వంతు కోసం కాచుకుని ఉందట. పక్క బల్ల మీద కుట్టే మొసీమా దించుకొచ్చి చీటీ చదివింది. "మగ జీబ్రా, గోడకి తగిలించడానికి తలా మెడా కట్టాలి, జూన్ పందొమ్మిది" అని ఆగిపోయింది. మళ్ళీ తనే, "అక్కా, ఇది నాకిచ్చెయ్. నువ్వు ఆ ఇంపాలా జింక చెవులు కుట్టుకో" అంది.

"నా బల్ల మీద పెట్టింది నేనే చేస్తాను" అన్నాను.

చీటీ మీద వాడి పేరు లేదు. పేరెందుకు? మడత విప్పి లోపలి వైపు చూశాను. కత్తి గీతలన్నీ మామూలుకి ఎదురు వైపు వాలి ఉన్నాయి. ఈ చుట్టుపక్కల వేట ఎస్టేట్లలో ఎడమచేత్తో ఒలిచేవాడు ఒక్కడే. పెదవి ఎంత సమంగా చీల్చాడో. కనురెప్ప దగ్గర ఒక్క గాటు లేదు. పదహారేళ్ళప్పుడు ఈ బల్ల దగ్గరే నిలబెట్టి నేర్పాను. నేను కన్న చెయ్యి అది.

తర్వాత ఎడమ బుగ్గ మీద బొచ్చు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాను. వచ్చేసింది. పట్టుకున్నంతా వచ్చేసింది.

మా షెడ్డు యజమాని కోబస్ దొర వచ్చి వాసన చూశాడు. "ఇది చచ్చిన తోలమ్మా, పక్కన పడేయ్" అన్నాడు.

"బతికున్న తోలు ఎప్పుడైనా తెచ్చారా దొరా?" అంది మొసీమా. దానికి నోరు ఆగదు.

"ఈ మొహం నిలవదు. వేటగాడికి ఇంకో జీబ్రా తోలు తొడిగి పంపిద్దాం. ఆయనేమన్నా చారలు లెక్కపెట్టుకుని పోయాడా?"

"నాకు వదిలెయ్యండి. నిలబెడతాను. ఈస్టర్ దాకా టైమివ్వండి."

"ఈస్టర్‌కి లేచినవాడు ఒక్కడేనమ్మా. జీబ్రాలు లేవవు" అని నవ్వబోయి, ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చి ఆగాడు. టోపీ తీసేశాడు. "సరే, ఈస్టర్ దాకా" అని వెళ్ళిపోయాడు.

నిలబెడతాను. వాడి చేతిపని ఇంకెక్కడా మిగల్లేదు నాకు. ఇది చెత్త తగలబెట్టే గుంటలో పడి కాలిపోతే అంతే.


ఫిబ్రవరి 7

ఉప్పు దులిపాను. రెండు రకాల ఉప్పు ఉంది. కుడి మొహం, కుడి మెడ మీద సన్న ఉప్పు, వేలితో అద్ది అద్ది పట్టించింది. అది మావాడు. ఎడమ వైపంతా రాళ్ళుప్పు, గుప్పిళ్ళతో కుప్పలు పోసింది. చెవి లోపల కూడా కూరి ఉంది.

బద్ధకస్తుడి పని అది. మలెసెలా పని.

మలెసెలా ఆ ఎస్టేట్‌లో తోళ్ళు ఒలిచేవాళ్ళకి పెద్ద. ఆ రోజు పని సగంలో ఉండగా మావాణ్ణి ఊళ్ళోకి పంపింది వాడే. వాడు పంపకపోతే మతోమె ఆ మోటార్‌సైకిల్ ఎక్కేవాడూ కాదు, కంకర మలుపు దగ్గర జారేవాడూ కాదు. చావు ఎలా వచ్చిందో ఇంటి మనిషి ఒకరు లేచి అందరికీ చెప్పడం మా ఆచారం కదా, మా అన్న నకేది చెప్పాడు, సమాధి దగ్గర, ఊరంతా వింటుండగా. "పెద్దవాడన్నవాడు పని మధ్యలో కుర్రాణ్ణి పంపాడు" అన్నాడు. మలెసెలా అక్కడే ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు. ఒక్క మాట అనలేదు.

తప్పు లేనివాడైతే నోరు తెరవడా?


ఫిబ్రవరి 8

వాడే పంపాడు. అందరికీ తెలుసు.


ఫిబ్రవరి 12

తోలు నానబెట్టి తీసి, ఆమ్లం తొట్టిలో వేశాం. వేసే ముందు ఎడమ మొహం మీద చెయ్యి పడకుండా చంటిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతుల మీదా పట్టుకున్నాను. అయినా నీళ్ళ మీద బొచ్చు తేలింది. నల్లదీ, తెల్లదీ. జల్లెడతో తీసి గుడ్డలో మూటకట్టాను. తర్వాత ఒక్కొక్కటే అంటించవచ్చు.

మొసీమా అన్నం డబ్బా తెరిచి సంకటీ, కోడికాళ్ళూ నా ముందుకి తోసింది. తినమని పోరింది. ఉన్నట్టుండి, "ఆ రోజు నీకేమన్నా ఫోన్ చేశాడా అక్కా?" అంది.

"లేదు."

వాడు చేయలేదు. అది నిజం.


ఫిబ్రవరి 19

లోపలి వైపు పలచన చేశాను. ఎక్కువ గీస్తే చిరుగుతుంది, తక్కువ గీస్తే ఎండాక గట్టిపడి కుట్టుని లాగేస్తుంది. కుడి వైపు ఎంత హాయిగా వచ్చిందో. మెడ మీద పాత కాట్లున్నాయి, మగవాటికి ఉండేవే, తన్నుకునేటప్పుడు కరుచుకుంటాయి. తూటా కన్నం ఒకటి. అవన్నీ నాకు లెక్క కాదు, ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను. ఎడమ బుగ్గ మీద మాత్రం అరచేతికి రెండింతలు బోడి. కంటి కింద నుంచి పెదవి దాకా.

మొసీమా మలెసెలా కబురు తెచ్చింది. ఆగస్టులోనే పనిలోంచి తీసేశారట. తోలు చెడగొట్టినందుకు కొంత, మావాడి సంగతికి కొంత. ఇప్పుడు నాలుగు రోడ్ల దగ్గర పెళ్ళిళ్ళకి మేకలు కోసి బతుకుతున్నాడట. చర్చిలో ఆ బెంచీ మీద వాడి పక్కన ఎవరూ కూర్చోరట.

"బాగా అయింది" అన్నాను.

మొసీమా తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంది.


ఫిబ్రవరి 22

రోజంతా ముక్కల డబ్బా ముందే కూర్చున్నాను. మిగిలిపోయిన జీబ్రా ముక్కలు నలభై దాకా ఉన్నాయి. ఒక్కదాని చార ఇంకోదానితో కలవదు. ఒకదాంట్లో నలుపు మందం, ఒకదాంట్లో తెలుపులో గోధుమ నీడ. బొచ్చు వాలు కూడా కలవాలి, లేకపోతే వెలుతురు పడగానే అతుకు కనబడిపోతుంది. కోబస్ దొర మనుషులు రంగు పూసి సరిపెట్టేస్తారు. నాకు రంగు వద్దు.

సాయంత్రానికి మూడు ముక్కలు దొరికాయి. అంచులు ఏటవాలుగా కోసి లోపలి నుంచి కుట్టాను. నల్ల చార పక్కన నల్ల చార, అర నూలు తేడా లేకుండా. మొసీమా వెనక నిలబడి, "ఇది పుట్టినప్పుడు దీని తల్లి కూడా ఇంత శ్రద్ధగా చేసి ఉండదక్కా" అంది. నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

మతోమె మొహం నాకు చూపించలేదు. పెట్టె మూసేసే తెచ్చారు. వద్దులే చూడకు అన్నారు అందరూ, నేనూ సరేనన్నాను.


ఫిబ్రవరి 26, సోమవారం

తొడిగాం. నురుగు అచ్చు మీద జిగురు పూసి తోలు లాగాం. రెప్పల కింద మట్టి పెట్టి గాజు కళ్ళు కూర్చాను. పెదవులు లోపలికి మడిచి నొక్కాను. ముక్కుపుటాలు సర్ది వెనక కుట్టు వేశాను. మెడ మీద జూలు నిలబెట్టి అట్టలు కట్టాను. గుండుసూదులు రెండు వందలు పట్టాయి.

కోబస్ దొర చుట్టూ తిరిగి చూశాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ తిరిగాడు. "అతుకు ఎక్కడుంది?" అన్నాడు.

నేను గుండుసూదుల డబ్బాకి మూత పెట్టాను.


మార్చి 1

కంటి కింద కుట్టు విచ్చుకుంది.


మార్చి 2

ఆరేకొద్దీ తోలు ముడుచుకుంటుంది. ముడుచుకుని లాగుతుంది. మంచి తోలైతే ఆ లాగుడు ఓర్చుకుంటుంది. ఎడమ సగానికి ఆ సత్తువ లేదు, కుళ్ళు లోపల దాకా తిని ఉంది. తడిగుడ్డ వేసి మెత్తబరిచి మళ్ళీ కుట్టాను. సూది గుచ్చిన చోటల్లా చిల్లు పెద్దదవుతోంది.

కోబస్ దొర స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ముందు నుంచి చూడమ్మా" అన్నాడు. "ముక్కు మధ్య నుంచి నుదుటి మీదుగా గీత గీసినట్టు ఉంది. ఇటు బాగుంది, అటు పోయింది. ఒకడు సగం దాకా చేసి లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకెవడో వచ్చి మిగతాది కాపాడదామని చూశాడు."

"కాపాడటమా? బద్ధకంతో కుప్ప పోశాడు."

"బద్ధకస్తుడు చెవి తిరగేసి లోపల ఉప్పు కూరడమ్మా. ఆ ఎడమ చెవి చూడు, ఒక్క వెంట్రుక ఊడలేదు. బుగ్గకే ఆలస్యమైపోయింది. ఎండలో నాలుగైదు గంటలు ఉండి ఉంటుంది." ఆగి, నా వంక చూడకుండా అడిగాడు. "మీవాడు సగంలో లేచే రకం కాదే. ఎందుకు లేచాడు?"

"నాకేం తెలుసు దొరా" అన్నాను.

ఇంటికొచ్చి ఆ ఉప్పు గురించి రాసింది మళ్ళీ చదివాను. చెవి లోపల కూడా కూరి ఉంది అని నేనే రాశాను. నా చేత్తోనే.


మార్చి 5

పైపు పగిలింది.


మార్చి 6

రాసెయ్యాలి. ఎవరు చదువుతారు? నేనేగా.

జూన్ పందొమ్మిది పొద్దున్న పదింటికి మా వీధి కొళాయి పైపు పగిలింది. వారానికి రెండు రోజులే వస్తాయి నీళ్ళు. గేటు బయటికి కాలవ కట్టి పోతున్నాయి. డ్రమ్ములు నింపే లోపల అన్నీ పోయేట్టున్నాయి. నాకు చేతకాలేదు. ఆ రోజు నాకు సెలవు, ఇంట్లో ఒక్కదాన్నే. ఫోన్ చేశాను.

"అమ్మా, చేతిలో తోలుంది, సగం అయింది. సాయంత్రం వస్తాను" అన్నాడు.

"సాయంత్రానికి చుక్క మిగలదు. ఇప్పుడు రా."

"ఎండెక్కుతోంది. ఉప్పు పెట్టకపోతే పోతుందమ్మా. గంటాగు."

"నీకు జీబ్రా గొప్పదా, అమ్మ గొప్పదా?" అన్నాను. అరిచాను. వీధంతా వినబడి ఉంటుంది.

వాడేదో అనబోయాడు. అంతలో ఫోన్ పెట్టేశాడు. ఎప్పుడూ అలా మాట మధ్యలో పెట్టేసే పిల్లాడు కాదు. కోపంతో పెట్టేశాడు. నా మీద కోపంతోనే బండెక్కాడు.

మర్నాడు నకేది అన్న వచ్చి, "పనిలో ఉండాల్సినవాడు ఆ రోడ్డు మీదికి ఎందుకొచ్చాడు?" అంటే నేనన్నాను, "ఎస్టేట్ వాళ్ళు పంపి ఉంటారు." అంతే అన్నాను. ఉంటారు అన్నాను. "ఎస్టేట్‌లో పంపేది ఎవరు, మలెసెలాయేగా" అన్నాడు అన్న. నేను ఊరుకున్నాను. సమాధి దగ్గరికి వచ్చేసరికి అది నిజమైపోయింది. విన్నాక నాక్కూడా నిజంగానే అనిపించింది. తొమ్మిది నెలలు అనిపించింది.

పైపు మర్నాడు పక్కింటాయన సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఆపేశాడు. పది నిమిషాల పని.


మార్చి 9

పొద్దున్న షెడ్డు తలుపు తీసేసరికి బుగ్గ మొత్తం దిగిపోయి ఉంది. అతుకులు కాదు, అతుకుల చుట్టూ ఉన్న తోలే చిరిగింది. లోపలి నురుగు కనబడుతోంది.

కోబస్ దొర ఏమీ అనకముందే నేనే అన్నాను. "ఇంకో తోలు తొడగండి."

"ఇంకోసారి చూద్దామా?" అన్నాడు. మంచివాడే పాపం.

"వద్దు దొరా. దీనికి ఉప్పు పట్టలేదు. పట్టంది ఇప్పుడు పట్టించలేం."

నేనే విప్పాను. గుండుసూదులు ఒక్కొక్కటే తీశాను. కుడి సగం ఊడి రానంది, అంత గట్టిగా అతుక్కుంది. తడిపి తడిపి తీశాను. మొసీమా వచ్చి రెండో వైపు పట్టుకుంది. ఇద్దరమే మోసుకెళ్ళి గుంటలో వేశాం. ఒక ముక్క దాచుకోమంది మొసీమా. వద్దన్నాను. పొగ సన్నగా లేచింది.

చీటీ వెనక, 'చెడటానికి కారణం' అన్న చోట ఎస్టేట్ వాళ్ళు మలెసెలా పేరు రాశారు. దొరని కలం అడిగాను. ఎందుకన్నాడు. కొట్టేశాను. ఏం రాయాలో తెలీలేదు. కొట్టేసి ఇచ్చేశాను.


మార్చి 17, శనివారం

మలెసెలా దగ్గరికి వెళ్ళాను. టాక్సీ దిగి నాలుగు రోడ్ల దగ్గర నిలబడ్డాను. రేకు నీడ కింద మేక తోలు ఒలుస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి కత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"కూర్చో మతోమె అమ్మా. కుర్చీ లేదు. ఈ డబ్బా గట్టిదే."

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "మలెసెలా అన్నా, ఆ రోజు వాణ్ణి పిలిచింది నేను" అన్నాను.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"వాడి చేతులకి నెత్తురుంది. జేబులోంచి ఫోన్ తీసి వాడి చెవికి ఆనించి పట్టుకున్నది నేనే. నీ గొంతు వినడానికి నేను చెవి ఆనించక్కర్లేదు."

డబ్బా మీద కూర్చున్నాను. ఆయనకి తెలుసు. సమాధి దగ్గర నకేది అన్న ఆ మాట అన్నప్పుడు తెలుసు. పనిలోంచి తీసేసినప్పుడు తెలుసు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎక్కడ చెప్పమంటావు? మట్టి వేస్తుండగా, నువ్వు చాప మీద కూర్చుని ఉండగానా?" మేక కాళ్ళు కట్టడానికి తాడు వెతుక్కుంటూ అన్నాడు. "మీ అన్న చెప్పింది మొత్తం అబద్ధం కూడా కాదు. నువ్వెళ్ళు, మిగతా ఉప్పు నేను పట్టిస్తానని అన్నది నేను. అంతలో ఎస్టేట్ దొర బండి వచ్చింది, దెబ్బతిన్న అడవి ఎద్దు వెంట పడాలి ఎక్కు అన్నాడు. తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. తోలు అలాగే ఉంది. వాడి కబురు కూడా అప్పుడే వచ్చింది. ఏం చెయ్యాలో తెలీక ఉప్పు పట్టించాను. చీకటి పడేదాకా ఉప్పే పట్టించాను."

రాళ్ళుప్పు గుప్పిళ్ళతో.

ఇంకా ఏదో చెప్పబోయాడు. "మతోమె అమ్మా, ఆ ఫోన్..." అన్నాడు. నేను లేచాను. వాడు కోపంతో పెట్టేశాడని ఆయన నోట వినలేను. టాక్సీ వస్తోందని చెప్పి వచ్చేశాను. టాక్సీ రాలేదు. గంట నిలబడ్డాను, అటు తిరక్కుండా.


మార్చి 20

నకేది అన్నకి చెప్పాను. "ఊరందరి ముందు నా నోటితో అబద్ధం ఆడించావు" అన్నాడు.

"అవును."

"ఇప్పుడేం చేద్దామని?"

"ఈస్టర్ శనివారం వాడి సమాధి రాయి మీద గుడ్డ తీస్తాం కదా. అందరూ వస్తారు. నేను లేచి చెబుతాను."

"ఆడమనిషివి, తల్లివి, నువ్వు లేవడమేమిటి? చెప్పాలంటే నేనే చెబుతాను, పొరపాటు జరిగిందని."

"పొరపాటు కాదన్నా."

తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. ఆయన వెంట వెళ్ళబోయిన వదిన వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఆయన వస్తాడులే. నువ్వు మాత్రం గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకి వినబడాలి" అంది.


మార్చి 28

మొసీమా సెలవు పెట్టి వంటకి వస్తానంది. "ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకో అక్కా" అంది.

రాసుకోను. రాస్తే మళ్ళీ 'పంపి ఉంటారు' లాంటి మాట ఏదో దొర్లుతుంది.


మార్చి 31, శనివారం

గుడ్డ తీశారు. మంచి రాయి. పేరు సరిగ్గా చెక్కారు.

ఫాదర్ ప్రార్థన అయ్యాక నకేది అన్న లేచాడు. లేచి నా వంక చూసి, "మా చెల్లెలు మాట్లాడుతుంది" అని కూర్చున్నాడు. అంతే అన్నాడు, కానీ అన్నాడు.

నేను చెప్పాను. పైపు సంగతి చెప్పాను. ఏమని అరిచానో ఆ మాటే చెప్పాను. మలెసెలా అన్న పంపలేదు, నేను పిలిచాను, మీరు విన్నది నేను ఊరుకోవడం వల్ల పుట్టిన మాట అన్నాను. వెనకవాళ్ళకి వినబడేలా చెప్పాను. ఎవరో దగ్గారు. గాలికి ఆ గుడ్డ కొట్టుకుంటోంది. మా పక్కింటాయన తల దించేసుకున్నాడు, పైపు కట్టినాయన.

తర్వాత మా ఇంట్లో భోజనాల దగ్గర నకేది అన్న తన ప్లేటు పట్టుకుని వెళ్ళి మలెసెలా అన్న పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తిన్నారు.

అందరూ వెళ్ళాక మలెసెలా అన్న నా దగ్గరికి వచ్చాడు. "ఆ రోజు నువ్వు పారిపోయావు. ఇవాళ టాక్సీ లేదు, నీ ఇంట్లోనే ఉన్నావు" అన్నాడు.

"చెప్పన్నా. కోపంతోనే వెళ్ళాడు కదా?"

"ఎవరు? వాడా?" ఆశ్చర్యపోయాడు. "ఫోన్ పెట్టేసింది వాడు కాదు. నా బొటనవేలికి కొవ్వు, జారి ఎర్ర బటన్ నొక్కుకుపోయింది. 'అయ్యో, కట్ చేశాను రా' అన్నాను. వాడు నవ్వుతున్నాడు. చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. 'మామా, విన్నావా, మా అమ్మ జీబ్రాతో పోటీకి దిగింది' అన్నాడు. 'ఎవరు గెలుస్తారు' అన్నాను. 'జీబ్రాకి ఆ గొంతెక్కడిది మామా' అన్నాడు. చేతులు కడుక్కున్నాడు. వాసన పోయిందా చూడమని నా ముక్కు దగ్గర పెట్టాడు. పోలేదన్నాను. 'ఇలాగే వెళ్తే వంటింట్లోకి రానివ్వదు' అని మళ్ళీ సబ్బుతో కడుక్కున్నాడు. ఏదో పాట పాడుకుంటూ బండి తీశాడు."

"ఏం పాట?"

"నాకేం తెలుసు, వాడికి రాగమెప్పుడొచ్చింది?"

మొసీమా గిన్నెలు తోమడం ఆపేసింది. నేను ఆయన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను. చెప్పాడు. జీబ్రాకి గొంతెక్కడిది అన్న చోటుకి రాగానే ఆపి, ఆ ఒక్క మాటా వాడు ఎలా అన్నాడో అలా అనమన్నాను. ఆయన టోపీ మోకాలి మీద పెట్టుకుని, చేతులు రెండూ పైకెత్తి, అన్నాడు.